జనవరిలో మనాలీ వింటర్ కార్నివాల్‌కి పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా? స్కీయింగ్ తప్ప వాళ్లు చూసేది ఏమైనా ఉంటుందా?

తప్పకుండా తీసుకెళ్లండి. మాది నల్గొండ. 2025 జనవరిలో మా అమ్మను తీసుకుని వెళ్లేముందు నాకూ ఇదే టెన్షన్. అమ్మకు అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు, బీపీ. పుట్టిల్లు సూర్యాపేట దగ్గర పల్లె. మంచు మీద జారే ఆట చూసి ఆమె ఏం సంబరపడుతుందని అనుకున్నాను. కానీ ఆ ట్రిప్పు నాకంటే ఆమెకే ఎక్కువ గుర్తుండిపోయింది.

ముందు తేదీల సంగతి. కార్నివాల్ ఏటా ఒకే రోజుల్లో ఉండదు. కొన్నేళ్లు జనవరి మొదటి వారంలోనే పెట్టారు, మేం వెళ్లినప్పుడు సంక్రాంతి దాటాక జరిగింది. తేదీలు ప్రకటించాకే టికెట్లు చేసుకోండి. మేం హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్లి, ఒక రాత్రి ఆగి, మర్నాడు సాయంత్రం మనాలీ బస్సెక్కాం. ఢిల్లీ నుంచి ఐదు వందల కిలోమీటర్ల పైనే, రాత్రంతా ప్రయాణం. మండి దాటాక మలుపులే మలుపులు. పెద్దవాళ్లుంటే ఆ ఒక్క రాత్రి ఢిల్లీలో ఆగడం చాలా అవసరం.

కార్నివాల్ హడింబా దేవి గుడిలో పూజతో మొదలవుతుంది. 1553లో కట్టిన చెక్క గుడి, చుట్టూ దేవదారు చెట్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కప్పులు. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "హిడింబి అంటే రాక్షసి గదా, ఆమెకు గుడేంది?" అంది. భీముడి భార్య, ఘటోత్కచుడి తల్లి అని మనకు తెలిసిన కథే. అక్కడ మాత్రం ఆమె కులూ రాజుల కులదేవత, ఊరంతటికీ అమ్మ. లోపల పెద్ద విగ్రహం ఉంటుందనుకున్నాం, ఉన్నది ఒక పెద్ద బండరాయి. అమ్మ దాని ముందు చాలాసేపు చేతులు జోడించుకుని నిలబడింది. మన పల్లెల్లో రాయికి పసుపు రాసి మొక్కేవాళ్లకు అది కొత్తేం కాదు.

మాల్ రోడ్డు మీద ఊరేగింపులో ఊరూరి మహిళా మండళ్లు వరస కట్టి, అక్కడి జానపద నృత్యం 'నాటి' ఆడుతూ వెళ్తాయి. 'పట్టు' అనే గళ్ల ఉన్ని వస్త్రం ఒంటికి చుట్టుకుని, భుజం దగ్గర వెండి పిన్నుతో బిగించి, తలకు రంగుల గుడ్డ కట్టుకుంటారు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, నెమ్మదిగా, మోకాలు కొద్దిగా వంచి అడుగు వేస్తారు. ముందు ఢోళ్లు, నగారాలు, వంకర తిరిగిన పొడవాటి నర్సింగా కొమ్ములు. ఆ కొమ్ము ఊదగానే అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. "మన పెద్దగట్టు లెక్కనే ఉంది బిడ్డా!" రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో పెద్దగట్టు మీద జరిగే లింగమంతుల జాతర చూసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. భేరీల మోత, గజ్జెల లాగులు, "ఓ లింగా" అని అరుపులు. భాష తెలియకపోయినా ఆ వాయిద్యాలు ఆమెకు తెలుసు.

స్కీయింగ్ గురించి రెండు మాటలే చెబుతాను. మనాలీ ఊళ్లో మంచు ఉంటుందని ఖాయం లేదు, మేం వెళ్లినప్పుడు మాల్ రోడ్డు పొడిగానే ఉంది. సోలాంగ్ లోయకి వెళ్లాలి, పన్నెండు పదమూడు కిలోమీటర్లు. దారిలో కోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలుంటాయి. ఒక దుకాణంలో నాకు తడి బూట్లు అంటగట్టారు, రోజంతా కాళ్లు మొద్దుబారాయి. బూటు లోపల చేయి పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

మీరు చూడాల్సిన అసలు విషయం అదే దారిలో ఉంది. మనం భోగి మంటలు, పతంగులతో హడావిడిగా ఉండే సంక్రాంతి నుంచి గోశాల్, బురువా, శనాగ్ లాంటి తొమ్మిది ఊళ్లలో 42 రోజులు మౌనం పాటిస్తారు. గౌతమ రుషి, వ్యాస రుషి, కాంచన నాగు స్వర్గానికి వెళ్లారని, తిరిగొచ్చేదాకా చప్పుడు చేయకూడదని నమ్మకం. టీవీ పెట్టరు, ఫోన్లు సైలెంట్‌లో ఉంటాయి, పొలం పనులు ఆపేస్తారు. గుడిలో మట్టి పూసి మూసేస్తారు. ఆఖర్న ఆ మట్టి తీసినప్పుడు పువ్వులు కనిపించాయా, గింజలు కనిపించాయా అని చూసి ఏడాది ఎలా ఉంటుందో చెప్పుకుంటారు.

మేం ఉన్న ఇంటావిడకు అమ్మ ఇంటి నుంచి డబ్బాలో తెచ్చిన సకినాలు పెట్టింది. ఆవిడ నెయ్యి పోసి సిడ్డు పెట్టింది. గోధుమపిండి పులియబెట్టి, లోపల అక్రోటు ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. "ఇది మన కుడుమే గదా" అని అమ్మ రెండు తినేసింది. మర్నాడు ఆవిడే మమ్మల్ని గోశాల్ తీసుకెళ్లింది. ఊళ్లోకి అడుగు పెట్టగానే అమ్మ చేతి గాజులు చప్పుడు కాకుండా కొంగుతో చుట్టేసుకుంది. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. మీరు వెళ్తే కారు హారన్, ఫోన్ స్పీకర్, గట్టి మాటలు వద్దు. వాళ్లకు అది వేడుక చూపించడం కాదు, నమ్మకం. అటల్ టన్నెల్ దాటి సిస్సు వెళ్దామనుకుంటే ముందు కనుక్కోండి. అక్కడి శీతాకాలపు పండగల రోజుల్లో టూరిస్టుల్ని రానివ్వరు.

ఆరోగ్యం విషయానికొస్తే, మనాలీ రెండు వేల మీటర్ల ఎత్తే కాబట్టి అమ్మకు ఊపిరి ఇబ్బంది రాలేదు. మాత్రలు ఎక్కువ తీసుకెళ్లండి, రాత్రికి వేడినీళ్ల బ్యాగు పెట్టుకోండి, కరెంటు దుప్పటి ఉన్న గది అడగండి.

తిరిగొచ్చాక ఫిబ్రవరి 16న పెద్దగట్టు జాతర మొదలైంది. గుట్ట మీద భేరీలు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే, అమ్మ నా చెవి దగ్గరికొచ్చి, "గోశాల్ల దేవుళ్లు ఇంకా తిరిగి రాలేదు గదా బిడ్డా" అంది. వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను. ఇంకా తొమ్మిది రోజులుంది.