పక్క ఖాళీలు కలుపుకుని కట్టమంటున్నారు, అంత అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను ఉపాధ్యాయుడిని, నా భార్య కూడా ఉద్యోగం చేస్తున్నారు. ఇద్దరికీ కలిపి నెలకు 85,000 రూపాయలు చేతికి వస్తాయి. పట్టణంలో 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవుతో 200 గజాల స్థలం ఉంది. ముందు ఒకటిన్నర మీటరు, మిగిలిన మూడు వైపులా మీటరు చొప్పున వదలాలని ప్లాన్ గీసిన ఇంజనీరు చెప్పారు. అలా వదిలితే అంతస్తుకు 1,200 చదరపు అడుగులే వస్తాయని, పక్క ఖాళీలు కలిపేస్తే 1,550 వస్తాయని, వీధిలో అందరూ అలాగే కట్టుకున్నారని మేస్త్రీ అంటున్నారు. చదరపు అడుగుకు 2,000 చెప్పారు. రెండంతస్తులు వేసి, పైది 9,000కు అద్దెకు ఇద్దామనుకుంటున్నాం. చేతిలో 14 లక్షలున్నాయి, బ్యాంకు రుణం 30 లక్షలు అనుకుంటున్నాం. మిగతాది బంగారం మీద, బయట వడ్డీకి తేవడం మంచిదేనా?

జవాబు: మాస్టారూ, మీరు సొంత ఇంటి కోసం ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నారో మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. అందుకే సూటిగా చెబుతున్నాను. పక్క ఖాళీలు కలుపుకోవద్దు, బయటి అప్పు జోలికి అసలు వెళ్లవద్దు.

మేస్త్రీ చెప్పినట్టు కడితే రెండంతస్తులకు 3,100 చదరపు అడుగులు, అంటే 62 లక్షలు అవుతుంది. మీ 14 లక్షలు, బ్యాంకు ఇచ్చే 30 లక్షలు పోగా 18 లక్షలు తక్కువ పడతాయి. అందులో 6 లక్షలు బంగారం మీద తెచ్చినా, మిగిలిన 12 లక్షలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 24,000 వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. 30 లక్షల గృహరుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు వాయిదా దాదాపు 26,000 ఉంటుంది. ఈ రెండూ కలిసి 50,000 దాటుతాయి, బంగారం వడ్డీ దీనికి అదనం. ఇక పై అంతస్తుకు 31 లక్షలు పెట్టి నెలకు 9,000 అద్దె తీసుకుంటే ఏడాదికి మూడున్నర శాతం కూడా రాదు. ఎనిమిదిన్నర శాతానికి, ఇరవై నాలుగు శాతానికి తెచ్చిన డబ్బును మూడున్నర శాతం వచ్చే చోట పెట్టడం కుటుంబాన్ని ఇబ్బందిలోకి నెట్టడమే.

ఇప్పుడు ఆ అదనపు 350 అడుగుల సంగతి చూద్దాం. రెండంతస్తుల్లో కలిపి 700 అడుగులకు మీరు 14 లక్షలు ఖర్చు పెడతారు, సరిగ్గా మీరు దాచుకున్న మొత్తం. అయితే బ్యాంకు తరఫున విలువ కట్టే ఇంజనీరు సాధారణంగా ఆమోదిత ప్లాన్‌లో ఉన్న విస్తీర్ణాన్నే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఆ 14 లక్షలు ఆయన కాగితంలో కనిపించవు. గృహరుణం మొత్తం ఒకేసారి చేతికి రాదు, పునాది, శ్లాబు, పూత పనులు అంటూ దశలవారీగా వస్తుంది. శ్లాబు పడ్డాక తనిఖీకి వచ్చిన వ్యక్తి చేతిలో ప్లాన్ ఉంటుంది, ఎదురుగా గోడ ప్రహరీని ఆనుకుని ఉంటుంది. అక్కడ తదుపరి విడత ఆగితే, అద్దె ఇంట్లో ఉంటూ సగం కట్టిన ఇంటికి వడ్డీ కట్టాల్సి వస్తుంది. ప్లాన్ ప్రకారమే కడతానని రుణగ్రహీత నుంచి ప్రమాణపత్రం తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2006లోనే బ్యాంకులకు సూచించింది. ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయిందని స్థానిక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ లేదా కంప్లీషన్ సర్టిఫికెట్ చూశాకే భవనాన్ని హామీగా తీసుకుని రుణం ఇవ్వాలని, కరెంటు, నీటి కనెక్షన్లు కూడా ఆ తర్వాతే ఇవ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. వీధిలో మిగతావాళ్లు కట్టిన కాలం వేరు. రేపు మీ పిల్లల చదువుకు ఈ ఇంటి మీదే రుణం అడగాల్సి వస్తే ఈ పత్రమే మొదట అడుగుతారు.

నా సలహా ఇది. రెండంతస్తులకూ ఇప్పుడే అనుమతి తీసుకోండి, పునాదులు, పిల్లర్లు రెండింటి బరువుకు సరిపడేలా వేయించండి, కానీ కింది అంతస్తు మాత్రమే కట్టండి. 1,200 అడుగులకు 24 లక్షలు, బలమైన పునాది, మెట్లు, ప్రహరీ, బోరు, అనుమతి రుసుములు కలిపి 30 లక్షలు అనుకుందాం. 8 లక్షలు మీవి, 22 లక్షలు రుణం. వాయిదా 19,100 దగ్గర ఉంటుంది. మిగిలిన 6 లక్షలు బ్యాంకులోనే ఉంచండి, ఇంటి పని మొదలయ్యాక ఎక్కడో ఒకచోట అంచనా తప్పుతుంది. అనుమతికి గడువు ఉంటుంది కనుక, పై అంతస్తు ఆలస్యమైతే మళ్లీ దరఖాస్తు చేయాల్సి రావచ్చని ముందే తెలుసుకోండి. స్థలం అనుమతి ఉన్న లేఅవుట్‌లోనిదేనా అన్నది కూడా పునాదికి ముందే చూసుకోవాలి, కాకపోతే క్రమబద్ధీకరణ రుసుము లక్షల్లో ఉండవచ్చు.

1,200 అడుగుల్లో ఆధునికమైన ఇల్లు రాదని బెంగ పడకండి. మన పాత మండువా ఇళ్లలో వెలుతురు ఇంటి నడిమి నుంచి వచ్చేది. మీరూ మధ్యలో చిన్న ఖాళీ వదిలి, పక్క మీటరు సందులోకి కిటికీలు పెట్టిస్తే పగలు దీపం అవసరం ఉండదు. పక్క గోడను ఆనించి కడితే ఆ కిటికీలే ఉండవు. ముందు వైపు పెద్ద అద్దాల ఎలివేషన్ వద్దని నా గట్టి అభిప్రాయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాను ఎలా కుదిపేసిందో మీరు చూసే ఉంటారు. ఆ డబ్బు శ్లాబుకు, తలుపులకు పెట్టండి. డాబాపై నీడ పడని చోటు వదిలితే, మూడు కిలోవాట్ల సౌర పలకలకు కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రాయితీ వస్తుంది.

పన్ను విషయం ఒక్క మాట. మీరు ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటేనే సొంత ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంటుంది. అదీ రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోగా నిర్మాణం పూర్తవ్వాలి, లేకపోతే అది 30,000కు పడిపోతుంది.

మేస్త్రీతో బేరం కుదుర్చుకునే ముందు ఆమోదిత ప్లాన్ ప్రతి ఒకటి ఆయన చేతికివ్వండి. అందులో ఉన్న కొలతలకే డబ్బు చెల్లిస్తామని ఒప్పంద కాగితంలో రాయించి సంతకం తీసుకోండి.