యాక్సిడెంట్ అయ్యాక అడ్జస్టర్ ఫోన్ చేస్తే "ఐ యామ్ ఫైన్" అనకండి

అమెరికా వచ్చిన కొత్తలో, టెక్సస్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి వచ్చి నా కారుని గుద్దారు. బంపర్ సొట్టపోయింది, మెడ కాస్త పట్టేసినట్టు ఉంది, అంతే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే అవతలివాళ్ల ఇన్సూరెన్స్ అడ్జస్టర్, అంటే క్లెయిమ్ చూసి ఎంత ఇవ్వాలో తేల్చే కంపెనీ మనిషి, ఫోన్ చేసి, చాలా మర్యాదగా "హౌ ఆర్ యూ?" అని అడిగింది. నోటికి అలవాటైన జవాబు "ఐ యామ్ ఫైన్" చెప్పేశాను. ఆ కాల్ రికార్డవుతోంది. నాలుగో రోజుకి మెడ తిరగడం మానేసింది, లేన్ మారాలంటే నడుము దగ్గర్నుంచి మొత్తం తిరగాల్సి వచ్చేది. తీరా క్లెయిమ్ వేస్తే, బాగున్నానని మీరే చెప్పారు కదా అన్నారు.

అవతలి కంపెనీకి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలని చట్టమేమీ లేదు. పేరు, తేదీ, ఎక్కడ జరిగింది చెప్పండి, క్లెయిమ్ నంబర్ రాసుకోండి, దెబ్బల గురించి డాక్టర్ చూశాకే మాట్లాడతానని చెప్పి, మిగతాదంతా ఈమెయిల్‌లో పంపమనండి. మీ సొంత ఇన్సూరెన్స్ సంగతి వేరు, వాళ్లకి సహకరించాలని పాలసీలోనే ఉంటుంది.

నొప్పి అదే తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చోకండి. యాక్సిడెంట్‌కీ మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లడానికీ మధ్య ఎన్ని రోజులు పోతే, ఆ నొప్పి వేరే కారణంతో వచ్చిందనడానికి అవతలి కంపెనీకి అంత వీలు. ఫ్లోరిడాలో అయితే 14 రోజుల లోపు వైద్యం మొదలుపెట్టకపోతే మీ పాలసీలోని పిప్ (తప్పు ఎవరిదైనా మీ వైద్య ఖర్చులకి ఇచ్చే కవరేజ్) డబ్బులే రావు. డాక్టర్ దగ్గర మొహమాటపడకుండా ఎక్కడెక్కడ నొప్పో అన్నీ చెప్పండి, చార్టులో రాయని నొప్పిని తర్వాత నిరూపించడం చాలా కష్టం.

అన్నిటికంటే నాకు భయం వేసేది రిలీజ్ కాగితం, అంటే ఈ యాక్సిడెంట్ గురించి ఇక ఏమీ అడగనని రాసిచ్చేది. వైద్యం సగంలో ఉండగానే చెక్ పంపుతాం, సంతకం పెట్టండి అంటారు. కొత్తగా వచ్చి, చేతిలో డబ్బు లేక, చాలామంది పెట్టేస్తారు. పెట్టాక ఆర్నెల్లకి సర్జరీ అవసరమైనా ఇక అడగడానికి ఉండదు. కారు రిపేర్ డబ్బులు విడిగా తీసుకోవచ్చు, కానీ ఆ కాగితంలో కారు నష్టం వరకే అని ఉందో లేదో ఒక్కో లైను చదవండి. పాత మెడికల్ రికార్డులన్నీ తెప్పించుకునే అనుమతి పత్రం పంపినా వెంటనే సంతకం చేయకండి. వచ్చిన సెటిల్‌మెంట్‌లోంచి మీ హెల్త్ ఇన్సూరెన్స్ తను కట్టిన బిల్లులు వెనక్కి అడగొచ్చు, అది కూడా లెక్కలో వేసుకోండి.

అలాగని ఏళ్ల తరబడి నానబెట్టకండి. మామూలుగా కేసు వేయడానికి టెక్సస్, కాలిఫోర్నియాల్లో 2 ఏళ్లు, న్యూయార్క్‌లో 3 ఏళ్లు గడువు. అడ్జస్టర్‌తో బేరం నడుస్తోంది కదా అని ఆ గడువు ఆగదు. దెబ్బ గట్టిదైతే లాయర్‌ని కలవండి, ఈ కేసుల్లో సాధారణంగా ముందు ఫీజు తీసుకోరు, వచ్చినదాంట్లో మూడో వంతు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ తీసుకుంటారు.

వీసా మీద ఉన్నాం, మనకెందుకీ గొడవ అని వదిలేసినవాళ్లని చూశాను, వాళ్ల బిల్లులు వాళ్లే కట్టుకున్నారు. ఇది సివిల్ వ్యవహారం, గాయానికి క్లెయిమ్ వేసినంత మాత్రాన మీ హెచ్1బీకి ఏమీ కాదు.