టెక్సాస్ కంటే ముందే ఒంటి నక్షత్రం జెండా ఎగరేసిన దేశం

"కొన్నాళ్లే బతికి మాయమైన దేశాల గురించి మీకేమైనా తెలుసా? అవి ఎందుకు నిలబడలేదు?" అని అడిగారు. నాకు బాగా తెలిసింది ఒక్కటే, అదీ నేను అక్కడే కాపురం ఉంటున్నాను కాబట్టి. అమెరికాలో లూసియానా రాష్ట్రం, బాటన్ రూజ్ ఊరు. ఇక్కడి ఐ-12 హైవేకి అధికారికంగా ఆ దేశం పేరే పెట్టారు: వెస్ట్ ఫ్లోరిడా రిపబ్లిక్. రోజూ ఆ రోడ్డు మీద పోయే మనవాళ్లలో ఒక్కరూ అదేంటని అడిగిన పాపాన పోలేదు. వీసా స్టాంపింగ్ సంగతి ఎత్తితే మాత్రం అర్ధరాత్రి దాకా లేవరు.

పేరు చూసి మోసపోకండి. ఇప్పటి ఫ్లోరిడా రాష్ట్రంలో ఆ దేశం ముక్క ఒక్కటీ లేదు.

డల్లాస్‌లో ఉండే మా బావగారికి టెక్సాస్ ఒంటి నక్షత్రం జెండా అంటే మహా గొప్ప. టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోయింది 1836లో. ఇక్కడ నీలం గుడ్డ మీద ఒకే ఒక్క తెల్ల నక్షత్రం 1810లోనే ఎగిరింది. ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోరు, పైగా నాకే టెక్సాస్ టోపీ కొనిపెట్టారు.

సరే, అసలు కథ. 1803లో అమెరికా ఫ్రాన్స్ దగ్గర లూసియానా కొన్నప్పుడు తూర్పు హద్దు ఎక్కడో ఎవరూ తేల్చలేదు. బాటన్ రూజ్ మాదేనని అమెరికా అంది, కాదు మాదని స్పెయిన్ అక్కడే కూర్చుంది. జనంలో ఎక్కువమంది మాత్రం ఇంగ్లీషు మాట్లాడే పత్తి రైతులు. 1808లో నెపోలియన్ తన అన్నను స్పెయిన్ గద్దె మీద కూర్చోబెట్టేసరికి, మన రాజు ఎవరో, మన భూమి కాగితాలు ఎవరి పేరు మీద చెల్లుతాయో తెలియక వీళ్లకు టెన్షన్ పట్టుకుంది. ఈలోగా వీళ్లను అణచడానికి సైన్యం పంపమని స్పెయిన్ గవర్నర్ డి లాసుస్ రాసిన ఉత్తరం వీళ్ల చేతికే చిక్కింది. దాంతో తిరగబడ్డారు.

1810 సెప్టెంబర్ 23, ఇంకా తెల్లవారలేదు, పొగమంచు. వీళ్ల దండు నాయకుడు ఫైలిమన్ థామస్ వెంట వంద మంది కూడా లేరు. ఎదురుగా బాటన్ రూజ్‌లో ఫిరంగులున్న స్పెయిన్ వాళ్ల సాన్ కార్లోస్ కోట. అయితే కోటలో దొరలకు పొద్దున్నే తాజా పాలు కావాలి కదా! అందుకని నది వైపు కంచెలో ఆవులు వచ్చిపోయే సందు ఒకటి ఉండేదట. గుర్రాల మీద అందులోంచే దూరారు. లూయీ డి గ్రాన్‌ప్రే అనే కుర్ర అధికారి ఎదురు నిలిచి ప్రాణం పోగొట్టుకున్నాడు. దాడి చేసినవాళ్లలో ఒక్కరూ చావలేదు. కాసేపట్లో అంతా అయిపోయింది. ఇప్పుడక్కడ కోట లేదు. ఆ పక్కనే పెంటగాన్ బ్యారక్స్ అనే పాత ఇటుక భవనాలున్నాయి. మా ఇంటికి ఎవరొచ్చినా నేను అక్కడికి తీసుకెళ్లి, నది వైపు చెయ్యి చూపించి, ఆవులు ఇటు నుంచే వచ్చేవి అని చెబుతాను. వాళ్లు ఫొటోలు మాత్రం కేపిటల్ భవనం ముందు దిగుతారు.

సెప్టెంబర్ 26న స్వతంత్రం ప్రకటించారు. తర్వాత ఫుల్వర్ స్కిప్‌విత్‌ను గవర్నర్‌గా ఎన్నుకున్నారు. ఎందుకు పోయిందంటే, నా లెక్కలో వాళ్లకు దేశం అక్కర్లేదు, బేరం కావాలి. ప్రకటించిన రెండు వారాలకే అమెరికాకు ఉత్తరం రాశారు: మమ్మల్ని కలుపుకోండి, ఖాళీ భూములు మాకే వదిలేయండి, లక్ష డాలర్లు అప్పివ్వండి అని. అధ్యక్షుడు మాడిసన్ వాళ్లకంటే ఘటికుడు. ఆ దేశాన్ని గుర్తిస్తే ఆ నేల అప్పటిదాకా స్పెయిన్‌దేనని ఒప్పుకున్నట్టే. అందుకని అసలు గుర్తించలేదు. "అది 1803లోనే మేం కొన్నాం" అని అక్టోబర్ 27న ప్రకటించి, పక్కనే అమెరికా చేతిలో ఉన్న ఓర్లీన్స్ ప్రాంతం గవర్నర్ క్లెయిబోర్న్‌ను సైన్యంతో పంపాడు. జెండా కర్ర దగ్గరే ప్రాణాలిస్తామన్న స్కిప్‌విత్ చివరికి తగ్గాడు. డిసెంబర్ 10న బాటన్ రూజ్‌లో ఆ జెండా దిగిపోయింది. మొత్తం రెండున్నర నెలలు.

వీళ్లను స్వాతంత్ర్య వీరులని ఇక్కడ కొందరు మురిసిపోతుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల పత్తి చేలల్లో పనిచేసింది బానిసలు. ఆ రెండున్నర నెలల్లో ఆ బానిసలకు వచ్చిన స్వతంత్రం ఏమీ లేదు. భూమి పట్టాల కోసం పుట్టిన దేశం అది. సరిహద్దుల్లో పుట్టిన ఇలాంటి దేశాల కథ చాలావరకు ఇంతే అని నా అభిప్రాయం.

అన్నట్టు, నందిగామ దగ్గరి పరిటాల చుట్టూ బ్రిటిష్ కృష్ణా జిల్లా, మధ్యలో అది మాత్రం నిజాం నేల. 1947లో వాళ్లూ రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు. అక్కడివాళ్లు ఎవరైనా ఉంటే ఇంట్లో పెద్దల్ని అడిగి కింద రాయండి. అక్కడా పట్టాల గొడవేనా, కాదా? నేను పందేనికి రెడీ.