టచ్‌డ్ ఈవెంట్‌లో ‘హిట్’ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆటలు తయారుచేసుకునే రోబ్లాక్స్‌లో చార్మినార్ మ్యాప్ కడుతూ, మెట్టు తాకిన ఆటగాడికి పాయింట్ ఇవ్వాలనుకున్నారు. అందుకు మెట్టు టచ్‌డ్ ఈవెంట్‌కు (ఏదైనా తగిలినప్పుడు వచ్చే సంకేతానికి) ‘హిట్’ అనే పేరు తీసుకునే ఫంక్షన్‌ను జోడించారు. ఆ ‘హిట్’కి విలువ మీరెక్కడా ఇవ్వలేదు, మరి అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది మీ సందేహం. ఇచ్చేది ఆటను నడిపే రోబ్లాక్స్ ఇంజినే. మెట్టుకు ఏదైనా తగలగానే ఆ తగిలిన పార్ట్‌ను (వస్తువు ముక్కను) మీ ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా, అంటే ఫంక్షన్‌కు అందించే విలువగా పంపుతుంది. హిట్ అన్నది మీరు పెట్టుకున్న పేరే, మార్చినా నడుస్తుంది.

అయితే వచ్చేది ఆటగాడు కాదు, అతని పాదమో చెయ్యో. అందుకే హిట్.పేరెంట్‌ను (ఆ ముక్క ఉన్న పాత్రను), పాత్ర ఏ ఆటగాడిదో చెప్పే గెట్‌ప్లేయర్‌ఫ్రమ్‌క్యారెక్టర్‌కు ఇవ్వండి. నిల్ (ఏమీ లేదు) వస్తే తగిలింది ఆటగాడు కాదు, అక్కడే ఆపేయండి. దొర్లుకుంటూ వచ్చిన బంతి తగిలినా ఈ ఫంక్షన్ నడుస్తుంది మరి. రెండు కాళ్లూ తగిలితే పాయింట్ రెండుసార్లు పడుతుంది, కాబట్టి డీబౌన్స్ (ఒకసారి నడిచాక వెంటనే మళ్లీ నడవకుండా ఆపే ఏర్పాటు) తప్పనిసరి.

ఎక్కువమంది పొరబడేది ఫంక్షన్‌ను ఈవెంట్‌కు జోడించే కనెక్ట్ దగ్గర. ఫంక్షన్ పేరు వెనక బ్రాకెట్లు పెడితే అది అక్కడికక్కడే నడిచి, హిట్ నిల్ అవుతుంది. పేరొక్కటే రాయండి.