వంజరం ఫ్రై తిని ఆస్పత్రి పాలయ్యాం, హోటల్ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పెళ్లిరోజుకి కాకినాడలో ఒక హోటల్‌కి వెళ్లి నేనూ, మా ఆవిడా వంజరం ఫ్రై తిన్నాం. గంట తిరక్కుండానే ఇద్దరికీ మొహం ఎర్రబడి దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. ఒక్క చికెన్ బిర్యానీయే తిన్న మా అమ్మకి ఏమీ కాలేదు. ఆ రాత్రంతా ఆస్పత్రిలో ఉన్నాం. ఓనర్‌ని అడిగితే "మీకు చేప పడదేమో, మా మీద పడతారేంటి" అని అందరి ముందూ అవమానించాడు. బిల్లు పారేశాం, డబ్బు ఫోన్‌పేలో కట్టాం. పది లక్షలైనా రాబట్టాలి. "5 లక్షలు ఇవ్వకపోతే వీడియో పెడతాం" అని మెసేజ్ కొట్టమంటున్నాడు మా బావమరిది. పంపొచ్చా?

జవాబు: మీరు మూడు పేజీలు రాశారు. ఆ రోజు వాన, మీ ఆవిడ ఏడుపు, ఓనర్ పొగరు అన్నీ ఉన్నాయి గానీ ఇది ఏ ఏడాది జరిగిందో ఒక్క చోటా లేదు. కేసు బతికుందో లేదో తేల్చేదే అది. మీరు జతచేసిన డిశ్చార్జ్ సమ్మరీ చూస్తే 2024 ఆగస్టు 18 అని ఉంది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి గడువు రెండేళ్లు, అంటే 2026 ఆగస్టు 18తో సరి. ఈలోగా మీరు ఎన్ని నోటీసులిచ్చినా, ఓనర్‌తో ఎన్నిసార్లు మాట్లాడినా ఆ తేదీ జరగదు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది, కానీ గట్టి కారణం చూపించాలి. "కోపం చల్లారాక చూద్దామనుకున్నాం" అనేది కారణం కాదు.

ఇక అసలు పాయింట్. అవమానం సంగతి పక్కన పెట్టండి, దానితో కేసు గెలవరు. అదే డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు దగ్గర డ్యూటీ డాక్టర్ "ఫుడ్ అలర్జీ" అని రాశారు. అలర్జీకి ఇచ్చే ఏవిల్ ఇంజెక్షన్ ఇచ్చారు, తగ్గింది, ఇంటికి పంపారు. అలర్జీ అంటే లోపం మీ ఒంట్లో ఉందని అర్థం, చేపలో కాదు. ఓనర్ మీతో అన్నదీ అదే, రేపు అతని వకీలు అనేదీ అదే. ఆ ఒక్క మాటని దాటకుండా మీకు రూపాయి రాదు.

దాటొచ్చా? దాటొచ్చు. వంజరం, కనగర్త లాంటి చేపల్ని పట్టిన దగ్గర్నుంచి ఐసులో సరిగ్గా పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ అనే రసాయనం తయారవుతుంది. అది ఎక్కువైతే తిన్న కాసేపటికే మొహం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. చూడ్డానికి అచ్చం అలర్జీలాగే ఉంటుంది, తగ్గేది కూడా అదే ఇంజెక్షన్‌తో. హడావిడిలో ఉన్న డాక్టర్ అలర్జీ అని రాయడంలో వింతేం లేదు. పైగా హిస్టమిన్ వేడికి పోదు, కాబట్టి "మేం కరకరలాడేలా వేయించాం సార్" అనే జవాబు చెల్లదు. ముక్క వాసన రాకపోయినా, రుచి బాగున్నా ఇది ఉండొచ్చు.

మీకు కలిసొచ్చేది ఏంటంటే, ఇద్దరికీ ఒకేసారి చేప అలర్జీ పుట్టుకొచ్చిందంటే నమ్మడం కష్టం, అదీ ఇన్నేళ్లుగా చేపలు తింటున్న గోదావరి జిల్లా వాళ్లకి. అదే బల్ల దగ్గర చేప ముట్టని మీ అమ్మగారు బాగానే ఉన్నారు. ఆవిడ అఫిడవిట్ మీ ఓనర్ అవమానం కంటే వంద రెట్లు విలువైనది. ఆ తర్వాత మీరిద్దరూ వంజరం తిని ఏమీ కాకుండా ఉంటే అదీ రాయండి. కేసు కోసమని ఇప్పుడు తిని చూడకండి.

ఆస్పత్రికి రాతపూర్వకంగా అడిగి పూర్తి కేస్ షీట్ తీసుకోండి. 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమాలు చెబుతున్నాయి. రికార్డులు మూడేళ్లు దాచాలనీ ఉంది, అందుకే ఇవాళే వెళ్లండి. అది పట్టుకుని ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గర, ఈ లక్షణాలకి హిస్టమిన్ కారణమయ్యే అవకాశం ఎంతో, అభిప్రాయం రాయించుకోండి. పాత సమ్మరీలో "అలర్జీ" కొట్టేసి "ఫుడ్ పాయిజన్" అని మార్పించే ఆలోచన ఉంటే మానుకోండి. ఒరిజినల్ ఆస్పత్రిలో ఉంటుంది.

పార్శిల్ తెచ్చుకున్న మిగతా ముక్కలు మర్నాడు చెత్తలో వేశామని రాశారు. చదివి తల పట్టుకున్నాను. పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పి ఉంటే ఆ హోటల్ ఫ్రిజ్‌లోంచి శాంపిల్ తీసేవాళ్లు. ఇప్పుడు ల్యాబ్ రిపోర్టు అనే మాటే లేదు. ఆహార భద్రత చట్టం కింద ప్రాసిక్యూషన్‌కి ఏడాది గడువు, అది దాటింది. ఫుడ్ సేఫ్టీ కమిషనర్ కారణాలు రాసి మూడేళ్ల దాకా పొడిగించొచ్చు గానీ, శాంపిల్ లేని ఈ వ్యవహారంలో దానిమీద ఆశ పెట్టుకోకండి.

మీ ఫోన్‌పే రసీదులో రూ.1,840, రాత్రి 9:12 ఉన్నాయి. బాగుంది, కానీ డబ్బు వెళ్లింది హోటల్ పేరుకి కాదు, ఎవరో వ్యక్తి పేరుకి. తెలిసినవాళ్లని ఎవర్నైనా పంపి అక్కడ టీ తాగి బిల్లు తెమ్మనండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అంటే ఆహార వ్యాపార లైసెన్సు నంబరు, 14 అంకెలది, బిల్లు మీద ఉండాలి. ఆ నంబరుతో లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆన్‌లైన్‌లో తెలుస్తుంది, ప్రతివాది అతనే. డబ్బు వెళ్లిన పేరుకీ అతనికీ సంబంధం ఏంటో కూడా తేల్చుకోండి. చేప ప్లేటుతో మీరు తీసుకున్న ఫోటో ఉందిగా, అది ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి. ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే డిజిటల్ సాక్ష్యానికి జతచేసే ధ్రువపత్రం, పెట్టండి.

మీ బావమరిది సలహా గురించి. ఆ మెసేజ్ పంపిన క్షణం మీరు బాధితులు కారు, ముద్దాయిలు. పరువు తీస్తామని భయపెట్టి డబ్బు లాగడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద బలవంతపు వసూలు, శిక్ష ఏడేళ్ల దాకా. మీ కడుపునొప్పి నిజమే కావచ్చు, అది డిఫెన్స్ కాదు. ఇప్పటికే పంపి ఉంటే డిలీట్ చేయకుండా నాకు చూపించండి.

ఫిర్యాదు కాకినాడ వెళ్లి వేయక్కర్లేదు, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా. మీరు కట్టిన బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఇద్దరూ ఫిర్యాదుదారులుగా ఉండండి. పది లక్షలని రాస్తే మొదటి వాయిదాలోనే మిమ్మల్ని తేలిగ్గా తీసుకుంటారు. ఆహార భద్రత చట్టమే మరణం, తీవ్ర గాయం కాని వాటికి పరిహారం లక్షకి మించకూడదంటోంది, ఆ అంచనాతోనే అడగండి: ఆస్పత్రి ఖర్చు రూ.14,300, పోయిన జీతం, మనోవేదన, కేసు ఖర్చులు. ముందు కేస్ షీట్ తెచ్చుకుని, ఫిజీషియన్ కాగితం చేతికి రాగానే ఫోన్ చేయండి, డ్రాఫ్టు అప్పుడు మొదలుపెడదాం.