మూడో పాదం దగ్గర ఆగిపోతున్నడు

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి. ‘ఉప్పు కప్పురంబు’ పద్యం రాత్రి గడగడ చెప్తడు. తెల్లారి అడిగితే రెండు పాదాలయినంక నీళ్లు నములుతడు. రోజూ పదిసార్లు చెప్పిస్తున్నం. ఏం చేయాలె?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: పదిసార్లూ మొదటి నుంచే ఎత్తుకుంటున్నారేమో చూడండి. తడబడ్డప్పుడల్లా మళ్లీ ‘ఉప్పు’ దగ్గరికే పోతే మొదటి పాదం నలుగుతుంది, మూడోది నోటికి పట్టదు. ఈసారి చివరి నుంచి రండి. మకుటం, అంటే ‘విశ్వదాభిరామ వినురవేమ’ అనే చివరి పాదం, ఎలాగూ వచ్చే ఉంటుంది. మొదటిరోజు ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’ నేర్పి మకుటంతో కలపండి. రెండోరోజు దాని ముందు ‘చూడ చూడ రుచుల జాడ వేరు’, మూడోరోజు మొదటి పాదం. కొత్తది దాటగానే తెలిసినదే వస్తుంది కాబట్టి భయం ఉండదు. పూటకు ఐదు నిమిషాలు చాలు.

మరిచిపోయేది ఎక్కువగా అతుకుల దగ్గరే. ‘జాడ వేరు – పురుషులందు’ అనే ముక్కను విడిగా నాలుగైదుసార్లు అనిపించండి.

ఈ పద్యం ఛందస్సు ఆటవెలది, పాదానికి ఐదు గణాలు, అంటే ఐదు లయ ముక్కలు. ఉప్పు/ కప్పు/ రంబు/ నొక్కపో/ లికనుండు అని ఐదు చప్పట్లు కొట్టించండి. గొంతు మాత్రం చప్పట్టు చప్పట్టుకూ ఆగొద్దు. నాలుగు పాదాల్లోనూ విరుపు మూడో చప్పట్టు తర్వాతే. ‘కప్పురం ఒక్క’ అని ‘బు’ మింగితే మూడో చప్పట్టుకు అక్షరం చాలదు, తప్పు వాడికే తెలుస్తుంది.

రాత్రి మీ వెంట అనడం వేరు, తెల్లారి తనంతట తాను గుర్తు తెచ్చుకోవడం వేరు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి, మళ్లీ మూడోనాడు, ఆపైన వారానికి అడగండి. ఆగితే వెంటనే అందించొద్దు. మనసులో ఐదు లెక్కపెట్టి ‘పు’ అని మొదటి అక్షరమే ఇవ్వండి.

అర్థానికి ఉప్పు, కర్పూరం పక్కపక్కన పెట్టి చూపండి. పద్యంలో రుచి అన్నారు కదా అని పూజ కర్పూరం నాలుక మీద పెట్టనీయొద్దు! కొద్దిగా మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. దూరం నుంచి వాసన చాలు.

ఇది నిలిచేదాకా ఇంకో వేమన పద్యం మొదలుపెట్టకండి. మకుటం ఒకటే కాబట్టి ఒకదాని మూడో పాదం ఇంకోదాంట్లో దూరుతుంది.

ప్రశ్న: పాపది ఇంగ్లిష్ మీడియం. పద్యాలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసివ్వొచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: వద్దు. ల–ళ, న–ణ తేడా అక్కడే పోతుంది. తెలుగు చదవడం వచ్చేదాకా చెవితోనే నేర్పండి. నాయనమ్మ చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. రాగం సాగదీయొద్దని మాత్రం ఆమెకు చెప్పండి. ‘చూడ చూడ’ను ‘చూడా చూడా’ అని విన్న పిల్ల అట్లాగే పట్టుకుంటుంది, తర్వాత దిద్దడం కష్టం.