డిశ్చార్జి స్థాయి మార్పుపై సమాధానం
నమస్కారమండీ. మీ అల్లుడుగారు 2014లో అమెరికా సైన్యం నుంచి ‘అదర్ దేన్ ఆనరబుల్’ (గౌరవప్రదం కాని స్థాయి) డిశ్చార్జితో, అంటే విడుదలతో, వచ్చారనీ, ఆయన పీటీఎస్‌డీ (తీవ్ర ఆఘాతం తర్వాత వచ్చే మానసిక రుగ్మత) రికార్డులకెక్కలేదనీ, ఆ స్థాయిని మార్పించుకోవడం ఎలాగనీ రాశారు. డిశ్చార్జి అయి 15 ఏళ్లు దాటలేదు కనుక, అది జనరల్ కోర్ట్ మార్షల్ (తీవ్ర నేరాలను విచారించే సైనిక న్యాయస్థానం) విధించిన శిక్ష కానట్లయితే, డీడీ 293 ఫారంతో డిశ్చార్జి రివ్యూ బోర్డుకు (డిశ్చార్జిలను పునఃపరిశీలించే సైనిక సంస్థకు) దరఖాస్తు చేయవచ్చు. ముందుగా సర్వీసు, వైద్య రికార్డులు తెప్పించుకోండి. 2017లో అమెరికా రక్షణ శాఖ జారీచేసిన మార్గదర్శక పత్రమైన కుర్తా మెమో ప్రకారం ఇటువంటి అర్జీలను బోర్డు ఉదారంగా పరిశీలించాలి; ఆయన సొంత వాంగ్మూలం కూడా సాక్ష్యంగా నిలబడగలదు. అందుకే ఆ మానసిక స్థితికీ, డిశ్చార్జికి కారణంగా ఆరోపించిన ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని తేదీలతో వివరంగా రాయించండి. నా దృష్టిలో అర్జీకి ప్రాణం అదే. తిరస్కరిస్తే డీడీ 149 ఫారంతో సైనిక రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లవచ్చు. కొన్ని న్యాయ కళాశాలల క్లినిక్‌లు ఈ కేసులను ఉచితంగా చేపడతాయి.